నవ రాజ్యాంగవాద చర్చను ఎలా చదవాలి, ఎలా వాదించాలి: తిరుపతి పెళ్లితో మొదలైన ఒక కేసు ఆధారంగా

తిరుపతిలో న్యాయశాస్త్రం చదివేవారిలో, ముఖ్యంగా ఎల్‌ఎల్‌ఎం సెమినార్ పేపర్ కోసం అంశం వెతుక్కునేవారిలో, ఏటా ఒకరో ఇద్దరో నవ రాజ్యాంగవాదాన్ని (సామాన్య చట్టం కంటే రాజ్యాంగ సూత్రాలకూ, వాటిని తూచే న్యాయమూర్తికీ ఎక్కువ చోటు ఇచ్చే ఆలోచనా ధోరణిని) ఎంచుకొని ఆదివారం పూట నా ఆఫీసు గదికి వస్తుంటారు. దాదాపు అందరి చేతిలోనూ ఒకే తీరు కాగితం ఉంటుంది: మధ్యలో నిలువు గీత, ఎడమ వైపు ‘అనుకూలం’, కుడి వైపు ‘ప్రతికూలం’, రెండు వైపులా ఇటలీ, స్పెయిన్, జర్మనీ పండితుల పేర్లు. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోమని చెప్పడంతోనే నా సలహా మొదలవుతుంది. ఈ చర్చలో ఎదురెదురుగా నిలబడినట్లు కనిపించేవారు చాలాసార్లు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. ఒకరు న్యాయవ్యవస్థ ఎలా మారిందో వర్ణిస్తుంటారు, ఇంకొకరు ఆ మార్పు వాంఛనీయమా అని తర్కిస్తుంటారు, మూడోవారు అసలు చట్టం అంటే ఏమిటన్న నిర్వచనమే మారాలంటారు. ఈ మూడింటినీ విడదీసి, ప్రతి మాటనూ ఒక తీర్పు మీద పెట్టి పరీక్షించడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా బల్ల మీద ఉండవలసినవి

మూడు తీర్పులు కావాలి. మొదటిది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1983లో ఇచ్చిన టి. సరిత వర్సెస్ టి. వెంకట సుబ్బయ్య, ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్ అనే తీర్పుల సంకలనం) 1983 ఆంధ్రప్రదేశ్ సంపుటంలో 356వ పేజీ దగ్గర మొదలవుతుంది. రెండోది ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన హర్విందర్ కౌర్ వర్సెస్ హర్మందర్ సింగ్. ఏఐఆర్ 1984 ఢిల్లీ 66. మూడోది సుప్రీంకోర్టు 1984 ఆగస్టు 8న ఇచ్చిన సరోజ్ రాణి వర్సెస్ సుదర్శన్ కుమార్ చడ్ఢా. ఏఐఆర్ 1984 సుప్రీంకోర్టు 1562. ఇంటర్నెట్‌లో మూడూ ఉచితంగా దొరుకుతాయి గానీ, లైబ్రరీలో సంపుటం తెరిచి జిరాక్స్ తీయించుకోవడమే మేలు; ఈ పనికి కాగితం మీద గీతలు గీయవలసి ఉంటుంది. వీటితో పాటు రాజ్యాంగంలోని 13 (ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టాలు చెల్లవు), 14 (సమానత్వం), 21 (ప్రాణ, వ్యక్తి స్వేచ్ఛ) అధికరణాలు, 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 9 (దాంపత్య హక్కుల పునరుద్ధరణ), సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 21 రూల్ 32 (అలాంటి డిక్రీని అమలు చేసే తీరు) ఒకే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒక కొస ఎరుపు, ఇంకో కొస నీలం ఉండే పెన్సిల్ ఒకటి కొనుక్కోండి. పాత గుమస్తాల బల్లల మీద అది తప్పకుండా ఉండేది. ఇప్పుడు స్టేషనరీ కొట్లో అడిగి తీయించుకోవాలి.

ఎందుకు సరిత కేసే అంటే, విదేశీ సిద్ధాంతం మన గడపలోకి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఇంత దగ్గరగా చూపించే తీర్పు నాకు ఇంకొకటి కనబడలేదు. కేసు రికార్డు ప్రకారం 1975 డిసెంబరు 13న తిరుపతిలో పెళ్లి జరిగింది. అప్పటికి వధువు మద్రాసులో హైస్కూలు చదువుతున్న పదహారేళ్ల అమ్మాయి, తర్వాత దక్షిణాది సినిమాల్లో పేరున్న నటి అయ్యారు. పెళ్లయిన కొద్ది కాలానికే ఇద్దరూ విడిగా ఉండడం మొదలైంది. కొన్నేళ్ల తర్వాత భర్త, భార్య కాపురానికి రావాలని కోరుతూ సెక్షన్ 9 కింద కడప సబ్‌కోర్టులో పిటిషన్ వేశారు. అది హైకోర్టు దాకా వచ్చినప్పుడు ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమన్న వాదన లేచింది, న్యాయమూర్తి పి.ఎ. చౌదరి దాన్ని అంగీకరించి సెక్షన్‌ను కొట్టివేశారు. ఒకే కేసులో సామాన్య చట్టం, రాజ్యాంగం, ఇల్లు, శరీరం, న్యాయమూర్తి అధికారం అన్నీ ముడిపడ్డాయి. సిద్ధాంత చర్చకు ఇంతకంటే మంచి బల్ల దొరకదు.

మూడు వాదాలను విడదీయడం

నవ రాజ్యాంగవాదం అన్న మాటను న్యాయ సిద్ధాంతంలో వాడుకలోకి తెచ్చినవారు ఇటలీలోని జెనోవా సంప్రదాయానికి చెందిన సుసాన్నా పోజ్జోలో. 1998లో స్పానిష్‌లో అచ్చయిన వ్యాసంలో ఆమె రొనాల్డ్ డ్వార్కిన్, రాబర్ట్ అలెక్సీ, గుస్తావో జాగ్రెబెల్‌స్కీ, కార్లోస్ నినో వంటివారి ఆలోచనల్లో కనిపించే ఉమ్మడి ధోరణికి ఈ పేరు పెట్టారు. నియమాల కంటే సూత్రాలకు, నియమాన్ని కేసుకు నేరుగా వర్తింపజేయడం కంటే తూచి చూడడానికి, శాసనకర్త స్వతంత్రత కంటే రాజ్యాంగానికి, శాసనసభ స్వేచ్ఛ కంటే న్యాయమూర్తికి ఎక్కువ చోటు ఇవ్వడం ఆ ధోరణి లక్షణాలు. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి: ఈ పేరు వారు పెట్టుకున్నది కాదు, బయటివారు అంటించినది. ‘నవ రాజ్యాంగవాది అయిన డ్వార్కిన్ ఇలా అన్నారు’ అని మీ పేపర్లో రాస్తే, ఎవరు అలా వర్గీకరించారో కూడా రాయండి.

జెనోవాకే చెందిన పావోలో కొమాందుచ్చి ఈ ధోరణిని మూడుగా విడగొట్టారు. నోర్బెర్తో బొబ్బియో అంతకు ముందే లీగల్ పాజిటివిజాన్ని (చట్టం ఏమిటన్నది అది ఎలా చేయబడిందో బట్టి తేలుతుంది, మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న అనే వాదాన్ని) సిద్ధాంతంగా, భావజాలంగా, పద్ధతిగా మూడు రకాలుగా విడదీసి చూపారు. కొమాందుచ్చి అదే కత్తిని ఇటు వైపు తిప్పారు. సిద్ధాంతంగా నవ రాజ్యాంగవాదం ఒక వర్ణన: రెండో ప్రపంచ యుద్ధం తర్వాత న్యాయవ్యవస్థలు రాజ్యాంగమయం అయ్యాయి, కాబట్టి పాత పాజిటివిస్టు సిద్ధాంతం వాటిని పూర్తిగా వివరించలేకపోతోంది అంటుంది. భావజాలంగా అది ఒక మెప్పు: ఈ మార్పు మంచిది, న్యాయమూర్తులు దీన్ని ముందుకు తీసుకెళ్లాలి అంటుంది. పద్ధతిగా అది ఒక తాత్విక ప్రతిపాదన: రాజ్యాంగంలోకి నైతిక విలువలు చేరాయి కాబట్టి, నీతితో సంబంధం లేకుండా చట్టం ఏమిటో గుర్తించడం ఇక సాధ్యం కాదు అంటుంది.

నేను మొదటిసారి ఈ అంశంపై సెమినార్‌లో మాట్లాడినప్పుడు ఈ మూడూ కలిపేశాను. ‘రాజ్యాంగాలు వచ్చాయి కాబట్టి పాజిటివిజం చచ్చిపోయింది’ అని ధీమాగా ముగించాను. ఎదురుగా కూర్చున్న పరీక్షకుడు నెమ్మదిగా అడిగింది ఒకే ప్రశ్న: ‘రాజ్యాంగం అమల్లో ఉందని మీకెలా తెలిసింది, అది మంచిది కాబట్టా, ఆమోదించారు కాబట్టా?’ ఆ రోజు నేను నీళ్లు నమిలాను. అందుకే ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవారితో నోట్‌బుక్‌లో మూడు పేజీలు విడిగా తెరిపించి, చదివే ప్రతి వాక్యాన్నీ వర్ణన, మెప్పు, నిర్వచనం అన్న మూడింటిలో ఏ పేజీలో రాయాలో ముందుగా తేల్చుకోమంటాను. మొదటి వారంలో సగం వాక్యాలు తప్పు పేజీలోకి పోతాయి, రెండో వారానికి చెయ్యి తిరుగుతుంది.

వర్ణనను పరీక్షించడం

మొదటి పేజీ అన్నిటికంటే సులువు. రికార్దో గుస్తీనీ న్యాయవ్యవస్థ రాజ్యాంగమయం కావడానికి ఏడు షరతులు చెప్పారు: తేలిగ్గా మార్చలేని రాజ్యాంగం, దాన్ని కాపాడే కోర్టు, రాజ్యాంగంలోని ప్రతి మాటకూ కట్టుబాటు, అక్షరాలను దాటిన విస్తార వ్యాఖ్యానం, రాజ్యాంగాన్ని నేరుగా వర్తింపజేయడం, చట్టాలను రాజ్యాంగానికి అనుగుణంగా చదవడం, రాజకీయ సంబంధాలపై రాజ్యాంగ ప్రభావం. ఒక్కో షరతు ఎదురుగా ఒక్కో భారతీయ ఉదాహరణ రాయండి. రెండో షరతైన న్యాయ సమీక్షకు, అంటే చట్టాలను కోర్టు రాజ్యాంగంతో సరిచూడడానికి, 13, 32, 226 అధికరణాలు చాలు. సవరణ అధికారానికే హద్దు గీసిన 1973 నాటి కేశవానంద భారతి తీర్పు, 7–6 తేడాతో, మొదటి షరతును యూరప్ ఊహించనంత దూరం తీసుకుపోయింది. విస్తార వ్యాఖ్యానానికి 1978 నాటి మేనకా గాంధీ తీర్పు తర్వాతి 21వ అధికరణం చరిత్రంతా సాక్ష్యమే. నేరుగా వర్తింపజేయడానికి 1997 నాటి విశాఖ తీర్పు ఉంది. పనిచోట లైంగిక వేధింపులపై చట్టం లేనప్పుడు కోర్టే మార్గదర్శకాలు ఇచ్చింది, పార్లమెంటు చట్టం 2013లో గానీ రాలేదు. మూడో షరతు దగ్గర మాత్రం ఆగాలి. ఆదేశిక సూత్రాలను కోర్టుల ద్వారా అమలు చేయించలేమని 37వ అధికరణం స్వయంగా చెబుతోంది కాబట్టి, ‘ప్రతి మాటకూ కట్టుబాటు’ అన్నది మన దగ్గర సగమే నిజం. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 1993లో సుప్రీంకోర్టు ఆదేశిక సూత్రాల అండతో పద్నాలుగేళ్ల లోపు పిల్లల చదువును హక్కుగా గుర్తించడం, 2002లో 86వ సవరణ దాన్ని 21ఎ అధికరణంగా రాయడం ఆ సగం ఎలా పెరుగుతూ వచ్చిందో చూపిస్తాయి.

వర్ణనలోనే ఇంకో చిక్కు ఉంది. బ్రెజిల్ పండితుడు ఉంబెర్తో ఆవిలా 2009లో తన దేశపు రాజ్యాంగాన్ని చూపించి, ఇందులో సూత్రాల కంటే వివరమైన నియమాలే ఎక్కువ, అలాంటప్పుడు సూత్రాలే ప్రధానమనే సిద్ధాంతం ఈ రాజ్యాంగాన్ని వర్ణించినట్లు ఎలా అవుతుందని నిలదీశారు. ఈ ప్రశ్న మనకు ఇంకా గట్టిగా తగులుతుంది. 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లతో మొదలైన మన రాజ్యాంగాన్ని రాసిన పరిషత్తులో కోర్టు పని చేతి మీద చేసినవారు చాలామంది ఉన్నారు; తిరుచానూరులో పుట్టి చిత్తూరులో వకీలుగా పనిచేసి, తర్వాత లోక్‌సభ స్పీకర్ అయిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారు వారిలో ఒకరు. ఏ మాటను ఎదుటి వకీలు ఎలా వంచుతాడో తెలిసినవారు రాసిన పత్రం అది. 19వ అధికరణంలో ప్రతి స్వేచ్ఛకూ పరిమితులను విడివిడిగా లెక్కబెట్టిన తీరు చూస్తే, తూకాన్ని పూర్తిగా న్యాయమూర్తి చేతికి వదలకూడదన్న జాగ్రత్త కనిపిస్తుంది.

ఎరుపు, నీలం

ఇక సరిత తీర్పు తెరవండి. న్యాయమూర్తి నియమాన్ని ఆధారం చేసుకున్న చోటల్లా ఎరుపు గీత, సూత్రాన్ని ఆధారం చేసుకున్న చోటల్లా నీలం గీత పెట్టండి. తేడా ఎలా తెలుస్తుందంటే, నియమం ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు వర్తిస్తుంది; సూత్రం ఒక వైపుకు మొగ్గు చూపుతుంది, ఎదురుగా ఇంకో సూత్రం ఉంటే తగ్గవచ్చు. డ్వార్కిన్ 1967లో ఈ తేడా చెప్పడానికి న్యూయార్క్‌లో 1889లో తీర్పు వచ్చిన రిగ్స్ వర్సెస్ పామర్ కేసు వాడారు: ఆస్తి తనకు రాసిన తాతను విషం పెట్టి చంపిన మనవడికి, వీలునామా నియమాల ప్రకారం ఆస్తి రావలసి ఉన్నా, తన తప్పు నుంచి ఎవరూ లాభం పొందకూడదన్న సూత్రంతో కోర్టు ఇవ్వనన్నది. అలెక్సీ 1985లో దాన్ని ఇంకాస్త బిగించి, సూత్రాలు వాస్తవ పరిస్థితులూ చట్టమూ అనుమతించినంత గరిష్ఠ స్థాయిలో నెరవేర్చవలసిన ఆజ్ఞలని నిర్వచించారు.

ఎరుపు గీతలు మీకు త్వరగానే అయిపోతాయి. సెక్షన్ 9 మాటల్లో అస్పష్టత లేదు: సహేతుక కారణం లేకుండా భార్యాభర్తల్లో ఒకరు రెండోవారి సాహచర్యం నుంచి తప్పుకుంటే కోర్టు పునరుద్ధరణ డిక్రీ ఇవ్వవచ్చు. ఆ తర్వాత పేజీలన్నీ నీలమే. ఈ పరిహారం (అంటే కాపురానికి రమ్మని కోర్టు ఇచ్చే ఈ ఉపశమనం) ఇంగ్లండు చర్చి న్యాయం నుంచి వచ్చిందనీ, ఆ ఇంగ్లండే 1970లో దీన్ని వదిలేసిందనీ న్యాయమూర్తి గుర్తు చేస్తారు. ఇష్టం లేని స్త్రీని డిక్రీతో కాపురానికి పంపడమంటే, తన శరీరంలో ఇంకొక ప్రాణికి చోటివ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఆమె చేతి నుంచి రాజ్యం చేతికి మార్చడమేనని అంటారు. అది 21వ అధికరణంలోని ఆంతరంగికతకూ (ప్రైవసీకీ) గౌరవానికీ భంగమని తేలుస్తారు. చట్టం మాటల్లో భార్యకూ భర్తకూ సమానమే అయినా, ఆచరణలో బరువంతా స్త్రీ మీదే పడుతుంది కాబట్టి 14వ అధికరణం కూడా అడ్డొస్తుందంటారు. ఆంతరంగికత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో చెప్పింది 2017లో. ఈ తీర్పు దానికి 34 ఏళ్ల ముందుది.

ఒకసారి ఈ పేజీలకు గీతలు పెడుతూ మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి పెన్సిల్ ఆపి అడిగింది: ‘సార్, ఇదంతా జడ్జి గారు రాజ్యాంగంలో చదివినారా, లేకుంటే ఆయన మనసులో నుంచి తీసినారా?’ నవ రాజ్యాంగవాదం మీద రాసిన పేపర్లన్నీ కలిపినా అంతకంటే మంచి ప్రశ్న లేదు. దానికి వెంటనే జవాబు చెప్పకుండా, మిగతా రెండు తీర్పులకు కూడా గీతలు పెట్టమన్నాను. మీరూ అదే చేయండి.

ఢిల్లీ తీర్పులో న్యాయమూర్తి అవధ్ బిహారీ రోహత్గీ సరిత తీర్పును ఒప్పుకోలేదు. సాహచర్యమంటే శారీరక సంబంధం ఒక్కటే కాదనీ, సంసారంలోకి రాజ్యాంగాన్ని తీసుకురావడం గాజు సామాన్ల కొట్లోకి ఎద్దును తోలడం లాంటిదనీ, ఇంటి ఏకాంతంలో 21, 14 అధికరణాలకు చోటు లేదనీ అన్నారు. ఇది నియమాన్ని నమ్ముకున్న న్యాయమూర్తి మాటలా వినిపిస్తుంది. కానీ గీతలు పెట్టి చూడండి: ‘రాజ్యాంగం ఇంట్లోకి రాకూడదు’ అన్న నియమం 13వ అధికరణంలో గానీ 21లో గానీ ఎక్కడా లేదు. అది కూడా ఒక సూత్రమే, కుటుంబం పట్ల ఒక దృక్పథం నుంచి పుట్టిన సూత్రం. సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఢిల్లీ వైపే నిలిచి, ఈ పరిహారం పెళ్లి విచ్ఛిన్నం కాకుండా కాపాడే సామాజిక ప్రయోజనాన్ని నెరవేరుస్తుందనీ, దాంపత్య హక్కు చట్టం సృష్టించింది మాత్రమే కాక వివాహ వ్యవస్థలోనే ఉన్నదనీ చెప్పింది. డిక్రీని పాటించకపోతే ఆర్డర్ 21 రూల్ 32 కింద ఆస్తి జప్తు వరకే వెళ్లవచ్చు గానీ బలవంతంగా కాపురానికి పంపలేరన్నది ఆ తీర్పులో ఉన్న గట్టి ఎరుపు గీత. మిగతాదంతా నీలమే. ఆ కేసులో పునరుద్ధరణ కోరింది భార్య. భర్త డిక్రీకి ఒప్పుకొని, ఏడాది గడిచాక కాపురం సాగలేదంటూ అదే డిక్రీని పట్టుకొని సెక్షన్ 13(1ఎ) కింద విడాకులు అడిగి పొందాడు. పెళ్లిని నిలబెట్టే సామాజిక ప్రయోజనం గురించి చదువుతున్నప్పుడు ఈ సంగతిని మార్జిన్‌లో రాసుకోవడం మరిచిపోకండి.

మూడు తీర్పులూ పక్కపక్కన పెడితే నాకు అర్థమైనది ఇది: సెక్షన్‌ను కొట్టివేసినవారూ సూత్రాలతోనే కొట్టివేశారు, నిలబెట్టినవారూ సూత్రాలతోనే నిలబెట్టారు. కాబట్టి ‘సూత్రాలు వస్తే స్వేచ్ఛ పెరుగుతుంది’ అన్న మెప్పు, రెండో పేజీలోది, ఈ ఉదాహరణ ముందు నిలవదు. ‘నియమాలు నమ్ముకుంటే న్యాయమూర్తి ఇష్టారాజ్యం పోతుంది’ అన్న ఎదుటివారి ధీమా కూడా నిలవదు, ఎందుకంటే ఇంటి గడప దగ్గర రాజ్యాంగాన్ని ఆపినది కూడా న్యాయమూర్తి ఇష్టమే.

జర్మనీ ఉదాహరణను సరైన చోట వాడడం

‘రాజ్యాంగం ఇంట్లోకి రాకూడదు’ అన్న వాదన ఎదురైనప్పుడు చాలామంది లూత్ కేసును ముందుకు తెస్తారు, కానీ పేరు చెప్పి ఊరుకుంటారు. వివరం తెలిస్తేనే అది పనికొస్తుంది. నాజీల కాలంలో యూదు వ్యతిరేక ప్రచార చిత్రం తీసిన వైట్ హార్లన్ యుద్ధం తర్వాత కొత్త సినిమా తీస్తే, హాంబర్గ్ పత్రికా విభాగాధికారి ఎరిక్ లూత్ దాన్ని బహిష్కరించమని పిలుపునిచ్చారు. కింది కోర్టు సివిల్ కోడ్ ప్రకారం అది సత్ప్రవర్తనకు విరుద్ధంగా నష్టం కలిగించడమే అని లూత్ నోరు కట్టేసింది. 1958లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును తోసిపుచ్చుతూ, ప్రాథమిక హక్కులు రాజ్యానికి ఎదురుగా నిలిచే రక్షణలు మాత్రమే కావు, అవి ఒక విలువల వ్యవస్థ, దాని వెలుగు సివిల్ చట్టం మీద కూడా ప్రసరిస్తుంది అంది. ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల తగాదాలో కూడా ‘సత్ప్రవర్తన’ వంటి మాటను భావ ప్రకటన స్వేచ్ఛ వెలుగులో చదవాలన్నది దాని సారం.

అయితే లూత్ కేసుతో సరిత కేసును ముడిపెట్టేటప్పుడు ఒక తేడాను దాటవేయకూడదు. లూత్‌లో న్యాయస్థానం సివిల్ కోడ్ నియమాన్ని కొట్టివేయలేదు, దాన్ని వేరేగా చదివింది. సరితలో ‘సహేతుక కారణం’ అన్న మాటను విశాలంగా చదివి, ఇష్టం లేకపోవడమే సహేతుక కారణమని చెప్పే దారి కూడా ఉండేది. న్యాయమూర్తి ఆ దారి పట్టకుండా సెక్షన్‌నే కొట్టివేశారు. నా అభిప్రాయంలో ఆయన ధైర్యం మెచ్చదగినదే గానీ, మధ్య దారి ఎందుకు చాలదో ఒక పేజీ రాసి ఉంటే పై కోర్టులో తీర్పు అంత తేలిగ్గా పడిపోయేది కాదు. మీ పేపర్లో ఈ లెక్క తప్పకుండా వేయండి: అనుగుణ వ్యాఖ్యానం ఎంతవరకు సాగుతుంది, ఎక్కడ ఆగిపోతుంది, అక్కడి నుంచి కొట్టివేత ఎందుకు తప్పదు.

తూకం గురించి రాసేటప్పుడు

అలెక్సీ తర్వాత సూత్రాల తూకాన్ని ఒక సూత్రీకరణగా రాశారు. ఒక హక్కుకు కలిగే భంగం తేలికైనదా, మధ్యస్థమైనదా, తీవ్రమైనదా అని మూడు మెట్లు పెట్టి, వాటికి 1, 2, 4 అని అంకెలు ఇచ్చారు. విద్యార్థులు దీన్ని చూడగానే లెక్క కుదిరిందని సంతోషిస్తారు. వేసవిలో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడుతో వరుస కట్టిన ట్రాక్టర్లను చూసినవారికి ఇందులోని తిరకాసు చెప్పడం తేలిక. అక్కడ బండిని సరుకుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి కాటా వేసి, ఒకదాని నుంచి ఒకటి తీసేస్తారు. ధర మీద ఎన్ని పేచీలున్నా బరువు కిలోల్లోనే ఉంటుంది, రైతుకూ ఫ్యాక్టరీకీ కాటా ఒకటే. అలెక్సీ తూకంలో స్త్రీ శరీర స్వాతంత్ర్యానికి 4, కుటుంబ స్థిరత్వానికి 2 అని వేసేది కాటా కాదు, తూచే మనిషి. స్పెయిన్ పండితుడు హువాన్ అంతోనియో గార్సియా అమాదో ఆక్షేపణ సరిగ్గా ఇక్కడే: తూకమని పిలిచేది చివరికి వ్యాఖ్యానమూ ఎంపికా మాత్రమే, దానికి కొలత రంగు పూయడం వల్ల న్యాయమూర్తి విచక్షణ దాగిపోతుంది.

ఈ ఆక్షేపణ నాకు బలమైనదిగానే తోస్తుంది, కానీ దానితో తూకాన్ని పూర్తిగా పారేయనక్కర లేదు. 2016 నాటి మోడరన్ డెంటల్ కాలేజీ తీర్పు నుంచి మన సుప్రీంకోర్టు వాడుతున్న నిష్పత్తి పరీక్షలో చివరి మెట్టే తూకం. దానికి ముందు లక్ష్యం న్యాయమైనదా, ఎంచుకున్న మార్గం ఆ లక్ష్యానికి చేరుస్తుందా, అంతకంటే తక్కువ నష్టంతో వేరే మార్గం ఉందా అన్న ప్రశ్నలు ఉన్నాయి, వాటికి ఆధారాలతో జవాబు చెప్పవచ్చు. సెక్షన్ 9ను రెండో ప్రశ్న దగ్గరే ఆపి చూడండి: డిక్రీ వచ్చాక ఏడాదికి అదే విడాకులకు మెట్టుగా మారే పరిహారం, పెళ్లిని కాపాడే లక్ష్యానికి చేరుస్తుందా? సరోజ్ రాణి కేసు వాస్తవాలే దానికి జవాబు. చివరి మెట్టు ఎక్కనవసరం లేకుండానే వాదన తేలిపోతుంది. 2019లో ఈ సెక్షన్‌ను మళ్లీ సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో పిటిషన్ దాఖలైంది. దాని మీద రాసేవారు ఈ రెండో మెట్టును పట్టుకోవడం మంచిది.

మూడో పేజీ: చట్టం, నీతి

ఇక్కడ చాలామంది తొందరపడతారు. రాజ్యాంగంలో గౌరవం, సమానత్వం వంటి నైతిక పదాలు ఉన్నాయి కాబట్టి చట్టానికీ నీతికీ మధ్య గోడ కూలిందన్నది పద్ధతి వాదం. పాజిటివిస్టు తత్వవేత్త హెచ్.ఎల్.ఎ. హార్ట్ మరణానంతరం 1994లో అచ్చయిన అనుబంధంలో డ్వార్కిన్‌కు చెప్పిన జవాబు గుర్తుంచుకోండి: ఒక సమాజం తన చట్టాన్ని గుర్తించే కొలతలోనే నైతిక విలువను చేర్చుకోవచ్చు, అలా చేర్చుకుందన్నది మళ్లీ ఒక సామాజిక వాస్తవమే. అంటే 21వ అధికరణంలో ఆంతరంగికత ఉందని ఒప్పుకుంటూ కూడా ఒకరు పాజిటివిస్టుగా ఉండవచ్చు. ఇటలీ పండితుడు లుయీజీ ఫెర్రాయోలీ ఇంకా ముందుకు వెళ్లి, తాను కఠిన (తేలిగ్గా మార్చలేని) రాజ్యాంగాన్ని గట్టిగా నమ్ముతూనే నవ రాజ్యాంగవాదిని కానన్నారు. హక్కులు తూచదగిన సూత్రాలంటే అవి బలహీనపడతాయి, వాటిని శాసనసభకూ కోర్టుకూ కట్టుబాటైన నియమాలుగా చదవాలి, లోటు ఉంటే చట్టం చేసి పూరించవలసిన బాధ్యత శాసనకర్తది అన్నది ఆయన వైఖరి. 1976 నాటి ఏడీఎం జబల్‌పూర్ తీర్పును ‘పాజిటివిజం ఫలితం’ అని రాసే అలవాటు మన పేపర్లలో ఉంది. అత్యవసర పరిస్థితిలో ప్రాణ స్వేచ్ఛకు దిక్కు లేదన్న నలుగురు న్యాయమూర్తుల వైఖరి హార్ట్ పాజిటివిజానికి గానీ ఫెర్రాయోలీ పాజిటివిజానికి గానీ అనివార్య ఫలితం కాదు. ఒంటరిగా విభేదించిన న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా తర్కంలో కూడా చట్టబద్ధ పాలన అన్న నియమ భాషే ఎక్కువ.

ఇంకో తప్పు గురించి రెండే మాటలు. ఈక్వడార్ 2008లోనూ బొలీవియా 2009లోనూ తెచ్చుకున్న రాజ్యాంగాల ఒరవడిని లాటిన్ అమెరికా కొత్త రాజ్యాంగవాదం అంటారు. అది ప్రజల నిర్మాణాధికారం గురించిన రాజకీయ వాదం, న్యాయమూర్తి తర్కం గురించినది కాదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని రెండింటినీ ఒకే అధ్యాయంలో వేయకండి.

మీ వాదనను రాసే క్రమం

మొదటి పేరాలో ఏ వాదం గురించి మాట్లాడుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి. నేనైతే ఇలా రాస్తాను: వర్ణనగా నవ రాజ్యాంగవాదం భారతదేశానికి చాలావరకు సరిపోతుంది, మెప్పుగా అది తొందరపాటు, పద్ధతిగా అది నిరూపణ కాలేదు. మీరు దీనితో ఏకీభవించనక్కర లేదు. ఆ తర్వాత తీర్పులోని వాస్తవాలు ఒక పేజీకి మించకుండా, న్యాయమూర్తి భాష వాడకుండా మీ మాటల్లో రాయండి. ఎరుపు, నీలం గీతల్లో ముఖ్యమైనవి నాలుగైదు ఎంచి, ప్రతి నీలం గీత ఎదురుగా ‘దీనికి ఎదురుగా నిలిచే సూత్రం ఏది, దాన్ని ఎవరు తక్కువ తూచారు’ అని రాయండి. పండితుల పేర్లు ఆ తర్వాతే రావాలి, అదీ ఆ గీతకు సంబంధం ఉన్నప్పుడే. పేరు ముందు వచ్చి కేసు తర్వాత వస్తే, పరీక్షకుడికి మీరు చదివింది అర్థమవుతుంది గానీ ఆలోచించింది అర్థం కాదు.

చేతికి పని అలవాటు కావాలంటే రెండో కేసు ఒకటి తీసుకోండి, అది కూడా ఇక్కడిదే. ఎ.ఎస్. నారాయణ దీక్షితులు వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, 1996, ఎస్‌సీసీ (సుప్రీంకోర్టు కేసెస్ అనే తీర్పుల సంకలనం) తొమ్మిదో సంపుటం 548వ పేజీ. 1987 నాటి దేవాదాయ చట్టం మిరాశీదారుల (ఆలయ సేవల హక్కుదారుల), అర్చకుల వంశపారంపర్య హక్కులను రద్దు చేయడం 25, 26 అధికరణాలకు విరుద్ధమా అన్నది ప్రశ్న; అర్చక నియామకం లౌకిక వ్యవహారమని చెప్పి సుప్రీంకోర్టు రద్దును నిలబెట్టింది. 2007లో శాసనసభ చట్టాన్ని సవరించి వంశపారంపర్య అర్చకులకు మళ్లీ కొంత చోటు కల్పించింది. సరిత కేసులో హైకోర్టు సెక్షన్‌ను కొట్టివేసింది, ఆ వైఖరిని పై కోర్టు ఇంకో కేసులో తోసిపుచ్చింది. ఇక్కడ కోర్టు చట్టాన్ని నిలబెట్టింది, శాసనసభే తర్వాత వెనక్కి తగ్గింది. తీర్పు పొడవైనది, ధర్మానికీ మతానికీ ఉన్న తేడా గురించిన చర్చ చాలా పేజీలు సాగుతుంది. పెన్సిల్‌లో నీలం కొస ముందుగా అరిగిపోతుంది, చెక్కుకునే షార్ప్‌నర్ దగ్గర పెట్టుకొని మొదలుపెట్టండి.